సంతకం చేసినవారు మోయవలసిన భారం

(ధ్యానాంశం: రూతు గ్రంథం 4వ అధ్యాయం, ఫిలేమోనుకు వ్రాసిన లేఖ 17–19 వచనములు)



మన మెట్ట ప్రాంతపు విచారణలలో పెండ్లి మాటలు ఒకప్పుడు ఎకరాలతో మొదలయ్యేవి. మిరప ఎంత, ప్రత్తి ఎంత, కాలువ క్రింద భూమా, బోరు క్రింద భూమా అని అడిగేవారు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత ‘ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా?’ అన్న ప్రశ్న వచ్చింది. ఇప్పుడు జగ్గయ్యపేటలోగాని, నందిగామలోగాని, కంచికచర్లలోగాని నలుగురు కూర్చుని సంబంధం మాట్లాడుకుంటే మొదటి ప్రశ్న ‘అబ్బాయిది ఏ వీసా?’ అని. జవాబు వినగానే తలలు ఊపుతారు. ఆ వీసా మీద భార్యను తీసుకొని పోవచ్చునా, పోవచ్చుననుకుంటే ఎన్నాళ్ళకు, అందుకు ఎవరు ఎక్కడ సంతకం పెట్టాలి అన్న రెండవ ప్రశ్న అడిగేవారు తక్కువ. అడిగితే సంబంధం చెడిపోతుందని భయం.

మొన్నీమధ్య ఒక తల్లి దివ్యపూజ ముగిసిన తరువాత గుడి మెట్ల దగ్గర ఆగి అడిగింది: “ఫాదర్ గారూ, మా అమ్మాయి పెండ్లయి ఇరవై నెలలు నిండినయ్. పదో రోజున అల్లుడుగారు విమానమెక్కారు. కాగితాలు పెడతన్నా, పెడతన్నా అంటారు. పెట్టారో లేదో మాకు తెలవదు. గట్టిగా అడిగితే ఏమనుకుంటారో అని మావారు ఊరుకోమంటారు. అడగటం తప్పా ఫాదర్?”

తప్పు కాదమ్మా. అడగకపోవడమే తప్పు. ఎందుకు తప్పు కాదో చెప్పాలంటే ‘స్పాన్సర్’ అన్న మాట దగ్గర మొదలుపెట్టాలి.

ఈ మాట మనకు వీసా ఆఫీసులవారు నేర్పినది కాదు. శ్రీసభలో ఇది ఎంతో పాతది. బిడ్డకు జ్ఞానస్నానమిచ్చేటప్పుడు ప్రక్కన నిలబడే జ్ఞానతండ్రిని, జ్ఞానతల్లిని ఇంగ్లీషు పుస్తకాలు స్పాన్సర్లు అనే అంటాయి. లాటిన్ భాషలో మాట ఇచ్చుట, పూచీపడుట అనే అర్థమున్న క్రియనుండి అది పుట్టింది. ఆ క్రియనుండే స్పోన్సుస్ అనగా వరుడు, స్పోన్సా అనగా వధువు అనే మాటలు కూడా పుట్టాయి. అంటే భార్యకు స్పాన్సర్‌గా ఉండటం పెండ్లి తరువాత వచ్చిపడిన వేరొక పని కాదు. పీఠం ముందు మాట ఇచ్చినవాడు కాన్సులేటు కాగితం మీద అదే మాట మరొకసారి ఇస్తున్నాడు. కనుక ఆ కాగితం ఎక్కడిదాకా వచ్చిందని అడగటం అల్లుడుగారి మీద అనుమానపడటం కాదు, ఆయన ఇచ్చిన మాటను ఆయనకు గుర్తుచేయటమే.

రూతు కథ మీకందరకు తెలిసినదే. అయితే ఆమె విధేయత గురించి, అత్తమీద ఆమెకున్న ప్రేమ గురించి చెప్పి మనం కథ ముగిస్తాం. నాలుగవ అధ్యాయాన్ని వదిలేస్తాం. రూతు మోవాబు దేశస్థురాలు. మోవాబీయులు పదవ తరం వరకు యావే సమాజములో చేరరాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఈనాటి మాటలో చెప్పాలంటే ఆమె దేశానికే వీసా లేదు. ఆమె భర్త చనిపోయాడు. ఊరిలో ఆమెకు భూమి లేదు, హక్కు లేదు, పరిగె ఏరుకొని అత్తను పోషిస్తున్నది. అప్పుడు బోవసు ఏమి చేశాడు? రాత్రి కళ్ళంలో మంచి మాట చెప్పి ఊరుకోలేదు. మరునాడే ఊరి గవినికడకు పోయి కూర్చున్నాడు. పదిమంది పెద్దలను పిలిచి కూర్చోబెట్టాడు. తనకంటె దగ్గరి బంధువు ఒకడున్నాడు గనుక అతనిని పిలిచి అడిగాడు. ఆ బంధువు పొలం అనగానే సరేనన్నాడు, రూతును కూడా స్వీకరించాలి అనేసరికి వెనక్కి తగ్గి చెప్పు విడిచి ఇచ్చాడు. పొలం కావాలి, పొలంతో వచ్చే మనిషి వద్దు! ఇటువంటి బంధువులు మనకూ ఉన్నారు. కట్నం పొలం అమ్మించి టిక్కెట్టు కొనుక్కున్నవాడు పిల్లను మాత్రం ‘వచ్చే సంవత్సరం చూద్దాం’ అంటాడు.

బోవసు అందరి ఎదుట పూచీపడ్డాడు. పెద్దలు సాక్ష్యమిచ్చారు. ఆ పరదేశపు స్త్రీ దావీదు రాజుకు ముత్తవ్వ అయ్యింది, మత్తయి సువిశేషంలో ప్రభువు వంశావళిలోకి పేరుతో సహా ఎక్కింది. అన్యజాతి భార్యలను పంపివేయించిన ఎజ్రా కాలపు సంగతి కూడా పూర్వనిబంధనములోనే ఉన్నదని కొందరు అంటారు. ఉన్నది, కాదనను. కాని ప్రభువు తన వంశవృక్షంలో నిలుపుకొన్నది రూతును.

ఇక ఈనాటి గవిని సంగతి చూద్దాం. మన ఇంటి పిల్ల అక్కడి కాగితాలలో ‘విదేశీ జీవిత భాగస్వామి’. మనకు అది నవ్వులాటగా ఉండవచ్చు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం అన్నీ మన గుడిలోనే పొందిన పిల్ల విదేశీయురాలెట్లా అయ్యిందని అనుకుంటాం. అక్కడివారికి అంతే. అమెరికాలో పౌరుడైనవాడు భార్యకోసం పిటిషన్ పెడితే సంవత్సరానికి ఇంతమందేనన్న పరిమితి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడు పెడితే పరిమితి ఉంది, వరుసలో నిలబడాలి. ఆ వరుస ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగింది. వేచి వేచి విసిగిన కుటుంబాల కోసమే అమెరికా 2000 డిసెంబరులో ఒక ప్రత్యేక చట్టం చేసి, అప్పటికే పిటిషన్ పడి మూడేండ్లు దాటినవారు అక్కడికి వచ్చి కలసి ఉంటూ వేచి ఉండే వీలు కల్పించింది. హెచ్-1బి మీద ఉన్నవాడి భార్య హెచ్-4 మీద పోతుంది. వెళ్ళడం సులువేగాని, అక్కడ ఉద్యోగం చేయకూడదు. 2015 మే నెలనుండి కొందరికి, అనగా భర్త గ్రీన్ కార్డు పిటిషన్ ఒక దశ దాటినవారికి, ఉద్యోగానికి అనుమతి దొరుకుతున్నది. బి.టెక్. చదివి, బంగారు పతకం తెచ్చుకొని, నాలుగు గోడల మధ్య ఏండ్లు గడిపిన పిల్లలు మన విచారణలలోనే ఉన్నారు. పెండ్లికి ముందు ఈ సంగతి ఎవరైనా వారికి చెప్పారా?

గ్రీన్ కార్డు మీద భార్యను పిలిపించుకొనేవాడు ఒక పూచీపత్రం వ్రాసి సంతకం పెట్టాలి. తన ఆదాయం ఆ దేశపు పేదరికపు రేఖకు నూటికి 125 వంతులైనా ఉన్నదని చూపాలి. చాలకపోతే మరొకరు జంట స్పాన్సర్‌గా నిలబడవచ్చు. ఇక్కడ ఒక సంగతి మీరు శ్రద్ధగా చదవండి. ఆ పూచీ విడాకులతో తీరదు. వచ్చిన మనిషి ఆ దేశపు పౌరసత్వం పొందాలి, లేక దాదాపు పదేండ్ల పని లెక్కకు రావాలి, లేక ఆ దేశం శాశ్వతంగా విడిచిపోవాలి, లేక ఇద్దరిలో ఒకరు మరణించాలి. అంతవరకు సంతకం పెట్టినవాడు ఆమె పోషణకు బద్ధుడే. విడాకులను సులువుగా ఇచ్చే దేశమే ఈ ఒక్క చోట మాత్రం ‘విడిపోయినా మాట తప్పకూడదు’ అంటున్నది. వివాహబంధం విడదీయరానిదని మనం చెబితే పాతకాలపు మాట అంటారు. పూచీపత్రం మీద అదే మాట అచ్చువేస్తే కండ్లు మూసుకొని సంతకం పెడతారు!

పునీత పౌలుగారు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న లేఖలో ఇటువంటి పూచీపత్రమే ఉంది. పారిపోయి వచ్చిన బానిస ఒనేసిమును తిరిగి పంపుతూ, అతడు నీకు బాకీపడినది ఏమైనా ఉంటే నా ఖాతాలో వేసుకో, నేను చెల్లిస్తాను అని స్వహస్తముతో వ్రాశాడు. లేఖలన్నీ ఎవరిచేతనో వ్రాయించే మనిషి ఆ వాక్యం దగ్గర కలం తానే పట్టుకొన్నాడు. భార్య కాగితాలను ఏజెంటుకు అప్పగించి, ఏ దశలో ఉన్నాయో కూడా తెలియని భర్తలు ఈ లేఖ ఒక్కసారి చదవాలి. ఒక్క అధ్యాయమే, అయిదు నిమిషాలు పట్టదు.

అన్ని దేశాల గవినీ ఒక్కటి కాదు. ఇంగ్లండు ప్రభుత్వం విదేశీ భార్యను లేక భర్తను పిలుచుకొనే తన పౌరులకు, స్థిరనివాసులకు 2012లో సంవత్సరానికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలని నియమం పెట్టి, 2024 ఏప్రిల్‌లో దానిని 29,000 పౌండ్లకు పెంచింది. అదే సంవత్సరం మార్చి 11నుండి వృద్ధుల సంరక్షణ పనికి కొత్తగా వచ్చేవారు భర్తనుగాని, బిడ్డలనుగాని తీసుకొని రాకూడదన్నది. ముసలివారికి స్నానం చేయించడానికి మన ఆడపిల్ల కావాలి, ఆమె బిడ్డ వద్దు. గల్ఫులో ఇండ్లలో పనిచేసే మన అక్కచెల్లెండ్ర మాట చెప్పనవసరం లేదు. వారి వీసా మీద కుటుంబాన్ని పిలిపించుకొనే వీలే లేదు. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలను మళ్ళీ తెరిచినప్పుడు నెలకు 800 దీనార్ల జీతం ఉండాలన్నది. ఇంటి పనిమనిషికి అది కలలో మాట.

ఒక దేశం తన సరిహద్దును చూసుకొనే హక్కు కలిగి ఉన్నదని శ్రీసభ కాదనదు. సత్యోపదేశ గ్రంథం 2241వ అంకంలో రెండు మాటలూ ఉన్నాయి. కలిగిన దేశాలు శక్తికొలది పరదేశులను ఆదరించాలి, వచ్చినవారు ఆ దేశపు చట్టాలను గౌరవించాలి. అయితే భార్యాభర్తలను విడదీసి ఉంచటం గురించి శ్రీసభ మాట మరీ స్పష్టం. 1952 ఆగస్టు 1న పన్నెండవ పయస్ పోపుగారు వలసవెళ్ళినవారి గురించి వ్రాసిన ప్రామాణిక పత్రాన్ని ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబంతోనే మొదలుపెట్టారు. జోజప్పగారు ఒక్కరే ముందుగా వెళ్ళి, పని చూసుకొని, తరువాత మరియమాతను, బాలయేసును పిలిపించుకోలేదు. ముగ్గురూ ఒకే రాత్రి బయలుదేరారు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు కుటుంబం గురించి వ్రాసిన ఉపదేశంలో కుటుంబముగా కలసి వలసపోయే హక్కును పేర్కొన్నారు. 1983లో పవిత్ర పీఠం ప్రకటించిన కుటుంబ హక్కుల పత్రం 12వ అధికరణంలో, వలసవెళ్ళినవారి కుటుంబం వీలైనంత త్వరగా ఒక్కచోట చేరే హక్కు కలదని ఉంది.

అయితే ఈ హక్కును దేశాల న్యాయస్థానాలు ఒప్పుకొంటాయని అనుకోవద్దు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. అక్కడి పౌరురాలైన ఒక భార్య, ఎల్ సల్వదోరు దేశస్థుడైన తన భర్తకు వీసా నిరాకరించారని కోర్టుకు వెళ్ళింది. వారి పెండ్లి 2010లో జరిగింది. అతని ఒంటిమీద ఉన్న పచ్చబొట్లు ఏదో నేర ముఠావని అధికారులు అనుమానించారు. ఆ పచ్చబొట్లలో ఒకటి గ్వాదలూపే మాతది! పరదేశస్థుడైన భర్తను దేశంలోకి రానివ్వాలని కోరే మౌలిక హక్కు పౌరురాలికి రాజ్యాంగం ప్రకారం లేదని న్యాయమూర్తులు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు చెప్పారు. దేవుడు జతపరచినదానిని మనుష్యుడు వేరుచేయరాదన్న ప్రభువు మాటకు ఆ పుస్తకాలలో చోటు దొరకలేదు.

ఇది క్రొత్త బాధ కూడా కాదు, మన తెలుగువారికి అసలే క్రొత్తది కాదు. 1860నుండి 1911వరకు ఒక లక్షా యాభై వేలకు పైగా భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చెరకు తోటల కూలీలుగా వెళ్ళారు. వారిలో విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. 1913 మార్చి 14న కేప్ సుప్రీం కోర్టులో న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. భారతదేశంనుండి భర్త దగ్గరకు వచ్చిన బాయి మరియం అనే ముస్లిం స్త్రీని ఓడరేవునుండి లోపలికి రానివ్వలేదు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతం ప్రకారం జరిగిన పెండ్లి ఆ దేశంలో పెండ్లి కాదని తీర్పు. అంటే హిందువుల పెండ్లి, మహమ్మదీయుల పెండ్లి చెల్లవు. క్రైస్తవ పద్ధతిలో జరిగినదే చెల్లుతుంది. ఒక్క రోజులో వేలాది ఇల్లాండ్రు చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు, వారి బిడ్డలకు తండ్రులు లేకుండా పోయారు.

ఆ రోజున అక్కడి భారతీయ క్రైస్తవులు ‘మన పెండ్లిండ్లకు ఢోకా లేదు’ అని తలుపులు వేసుకొని కూర్చోవచ్చు. చట్టం వారిపక్షమే. కాని ఒక సంస్కారాన్ని ఇతరుల ఇల్లాలిని అవమానించే కర్రగా వాడుకొంటే దానికి గౌరవమేముంది? ఆ సెప్టెంబరులో కస్తూర్బా గాంధీగారితో కూడ స్త్రీలు సత్యాగ్రహంలో చేరి మూడు నెలల కఠిన శిక్ష అనుభవించారు. తరువాత గనికూలీలు సమ్మెకట్టారు. 1914 జనవరిలో ఆంగ్లికను గురువు సి.ఎఫ్. ఆండ్రూస్‌గారు ఓడ దిగి, ఏ వివాహాన్ని తమ ప్రభుత్వం త్రోసివేసిందో ఆ వివాహం పక్షాన మాట్లాడారు. ఆ సంవత్సరమే వచ్చిన భారతీయుల ఉపశమన చట్టంతో భర్తకు ఒక్క భార్య ఉన్నచోట ఆ వివాహానికి గుర్తింపు దొరికింది. మన ప్రక్కింటి హిందూ కుటుంబపు అమ్మాయి కాగితాలు ఆగిపోతే అది మన విచారణ పని కాదని ఎవరూ అనవద్దు.

ఇంకొకరిని గురించి చెప్పాలి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920వ దశకపు ఆరంభంలో చదువుకోసం అమెరికా వెళ్ళారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండా చనిపోయాడు, తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. 1917, 1924 సంవత్సరాల చట్టాలు మనవంటి ఆసియావారిని అక్కడ స్థిరపడనివ్వలేదు. 1946 జూలైలో వచ్చిన చట్టంతో మొత్తం భారతదేశానికి సంవత్సరానికి వంద చోట్లు దొరికాయి. వంద! సుబ్బారావుగారు 1948 ఆగస్టులో అక్కడే మరణించారు. ఆయన పరిశోధనలవలన లోకమంతా బ్రతుకుతున్నది. బోదకాలు మందు, క్యాన్సర్ మందు ఆయన ప్రయోగశాల చలవే. ఆయన దుస్థితికి చట్టం ఒక్కటే కారణమని నేననను. పని ఆయనను మింగివేసింది. కాని పాతికేండ్లు ఇక్కడ ఎదురుచూసిన ఆ ఇల్లాలి లెక్క ఏ పుస్తకంలో వేయాలి? మందు పేరు చెప్పేటప్పుడు ఆమె పేరు కూడా ఒకసారి చెప్పుకోవడం న్యాయం.

ఇప్పుడు మన ఇంట్లో సంగతికి వద్దాం. వీసాకోసం దొంగ పెండ్లి చేసుకొనేవారున్నారు. డబ్బు ఇచ్చి పౌరురాలైన ఒక స్త్రీతో కాగితం మీద పెండ్లి, రెండేండ్లకు విడాకులు, ఆ తరువాత ఊరిలో అసలు పెండ్లి అని లెక్క వేస్తారు. అమెరికా చట్టంలో దీనికి అయిదేండ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వరకు ఉంది. అది అధికారుల మాట. శ్రీసభ మాట వేరు. పెండ్లినే మనసులో త్రోసివేసి పైకి అంగీకారం పలికితే ఆ వివాహం చెల్లదని చట్టస్మృతి 1101వ సూత్రం చెబుతుంది. అక్కడ పీఠం ముందు జరిగితే అది సంస్కారాన్ని అబద్ధానికి వాడుకోవడం. అబద్ధపు పెండ్లి ఒకటి పట్టుబడితే, నిజమైన పెండ్లిండ్లు పదింటిమీద అనుమానం పడుతుంది. ఇంటర్వ్యూలో మన పిల్లలను ‘నీ భర్త ఏ ప్రక్క పడుకొంటాడు, అత్తగారి పేరేమిటి’ అని గ్రుచ్చి గ్రుచ్చి అడిగేది ఇటువంటివారి పుణ్యమే.

దీనికంటె మన మధ్య ఎక్కువగా కనిపించేది మరొకటి. ‘కాగితాలు త్వరగా కదలాలి గనుక ముందు రిజిస్టరాఫీసులో పెండ్లి కానిద్దాం, గుడి పెండ్లి వచ్చే సెలవుకు చేద్దాం’ అంటారు. అబ్బాయి సంతకం పెట్టి పోతాడు. కతోలికులకు గుడి పద్ధతి లేనిదే వివాహం లేదు. కనుక ఆ పిల్ల చట్టానికి భార్య, శ్రీసభ దృష్టిలో ఇంకా అవివాహిత. అతడు తిరిగి రాకపోతే చట్టం ఆమెకు మరొక పెండ్లిని ఒప్పదు. విడాకులకు కోర్టు చుట్టూ తిరగాలి. పైగా స్పెషల్ మ్యారేజి చట్టం క్రింద ముప్పది రోజుల నోటీసు కావాలి. గుడిలో జరిగిన పెండ్లికే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం బలముంది గనుక రెండింటినీ ఒకే రోజున ముగించుకోండి. అబ్బాయికి పది రోజులే సెలవంటే చాటింపులు ముందే చదివించుకోవచ్చు.

పేర్ల సంగతి మరీ చిక్కు. జ్ఞానస్నాన పుస్తకంలో ఒక పేరు, బడిలో మరొక పేరు, ఆధార్‌లో మూడవ పేరు. ఎందుకో మనందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత క్రైస్తవుడైన దళితునికి రిజర్వేషను పోతుంది గనుక, తల్లిదండ్రులు బడిలో వేరే పేరు, వేరే మతం వ్రాయించారు. ఆ అన్యాయాన్ని గురించి మన పీఠాధిపతులు ఏండ్ల తరబడి మాట్లాడుతున్నారు, ఇక్కడ తిరిగి వ్రాయను. కాని కాన్సులేటు కిటికీ దగ్గర నిలబడిన పిల్లకు ఆ చరిత్ర చెప్పుకొనే వ్యవధి ఉండదు. పెండ్లి ఆల్బములో గురువు ముందు మోకరించిన పిల్ల సర్టిఫికెట్‌లో వేరే మతస్థురాలైతే అధికారికి అనుమానం రాదా? అబద్ధం చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని ప్రమాణపత్రం ముందుగా వ్రాయించుకోండి.

భర్తలకు మాత్రమే చెబుతున్నానని అనుకోవద్దు. నర్సింగు చదివి విదేశాలకు వెళ్ళిన మన ఆడపిల్లలు భర్తలకు స్పాన్సర్లు అవుతున్నారు. ‘పెండ్లాం సంపాదన మీద, పెండ్లాం సంతకం మీద పోయాడు’ అని ఊరిలో ఎగతాళి. ఆ ఎగతాళి భరించలేక అక్కడ త్రాగుడు మరిగినవారున్నారు, ఆమె మీద చేయి చేసుకొన్నవారున్నారు. తన్ను దేశంలోకి తెచ్చిన చేతినే విరిచినట్లు. ఇక్కడ ఉన్న తల్లిదండ్రులు ఈ ఎగతాళిలో పాలుపంచుకోకపోతే సగం బాధ తీరుతుంది.

అట్లే కాగితం చేతిలో ఉన్నదని భార్యను భయపెట్టే భర్తలు. పెండ్లయి రెండేండ్లు నిండకముందే వెళ్ళినవారికి అమెరికాలో ముందు రెండేండ్ల షరతు గ్రీన్ కార్డే దొరుకుతుంది. ఆ షరతు తీయడానికి ఇద్దరూ కలసి దరఖాస్తు పెట్టాలి. ‘నేను సంతకం పెట్టకపోతే నిన్ను పంపేస్తారు’ అని బెదిరించేది అక్కడే. పాస్‌పోర్టు దాచిపెట్టేవారూ ఉన్నారు. మీ అమ్మాయికి ఈ మాట చెప్పి పంపండి: హింసకు గురైన భార్య భర్త సంతకం లేకుండానే షరతు తీయించుకొనే వీలు చట్టంలో ఉంది. భర్త పిటిషనే పెట్టకపోతే తానే స్వయంగా పెట్టుకొనే హక్కును 1994 చట్టం ఇచ్చింది. మన దేశంలో జాతీయ మహిళా కమిషన్ 2009నుండి విదేశీ సంబంధాల ఫిర్యాదులకు ఒక విభాగం నడుపుతున్నది. ఇక శ్రీసభ విషయానికి వస్తే, ప్రాణానికో ఆత్మకో అపాయం కలిగించే భర్తనుండి వేరుగా ఉండే హక్కు భార్యకు కలదని 1153వ సూత్రం చెబుతున్నది. ‘ఓర్చుకో తల్లీ, శిలువ మోయి’ అని ఫోనులో చెప్పే తల్లులు ఈ సూత్రం చదవాలి. క్రీస్తు మోసిన శిలువను మరొకరి చెంపదెబ్బతో పోల్చకండి.

విచారణ ఏమి చేయగలదు? బోవసు గవినికడ పదిమంది పెద్దలను కూర్చోబెట్టాడని చెప్పుకొన్నాం. ఆ పదిమంది పని ఏమిటంటే విన్నామని, చూశామని సాక్ష్యం పలకటం. మన పారిష్ కౌన్సిలు పెద్దలు, సంఘపు తల్లులు, ఉపదేశిగారు ఆ పని చేయవచ్చు. భర్త విదేశంలో, భార్య పుట్టింట ఉన్న కుటుంబాలు మన విచారణలలో ఎన్ని ఉన్నాయో వారికి పేరుపేరునా తెలుసు. ఆ పిల్లలు ఆదివారం పూజకు రావడం మానేస్తారు, ‘ఇంకా ఎప్పుడు పోతావే’ అన్న ప్రశ్నకు భయపడి. అడగవలసినది ఆమెను కాదు, అతనిని. క్రిస్మసుకు సెలవుమీద వచ్చినప్పుడు శాలువా కప్పి సన్మానం చేసేముందు, పిటిషన్ నంబరు ఎంతని పెద్దలు మర్యాదగా అడగవచ్చు. నిజంగా పెట్టినవాడు ఫోనులో తీసి చూపిస్తాడు, సంతోషిస్తాడు కూడా. వరుస పొడుగై ఆలస్యమౌతుంటే అందులో అతని తప్పు లేదు. అప్పుడు ఆ ఇద్దరికోసం పూజలో పేర్లు చదివి ప్రార్థించాలి, ఇరుగుపొరుగు నోళ్ళు మూయించాలి.

గుణదల మాత తిరునాళ్ళకు ప్రతి ఫిబ్రవరిలో నడచి వెళ్ళేవారిలో ఇటువంటి మొక్కులు ఎన్నో ఉంటాయి. వీసాకు మొక్కడం తప్పు కాదు. అయితే మొక్కుకొన్న రోజే కాగితాలు కూడా సరిచేసుకోండి. వివాహ ధృవపత్రం, జ్ఞానస్నాన పత్రం కావలసినవారు, ముఖ్యంగా విచారణ పుస్తకంలో పేరుగాని, పుట్టినతేదీగాని దిద్దించుకోవలసినవారు, పదవ తరగతి సర్టిఫికెట్ అసలు ప్రతితో రండి. పుస్తకంలో దిద్దుబాటుకు మేత్రాసన కార్యాలయం అనుమతి కావాలి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ముంబయిలో ఇంటర్వ్యూ తేదీ వచ్చాక రాత్రి పదింటికి గురువుల ఇంటి తలుపు తట్టడం కంటె, పెండ్లి మాటలు కుదిరిన వారంలోనే రావటం అందరికీ మంచిది.